తిరుగు దారి లెక్క: నిమ్‌పురా చుట్టుపక్కల అడవుల్లో సైకిల్ ప్రయాణాలు

బదిలీ ఉత్తర్వులో ఖరగ్‌పూర్ అన్న పేరు చూడగానే మా ఆవిడ అడిగిన మొదటి ప్రశ్న, "అక్కడ మనవాళ్లెవరైనా ఉంటారా?" అని. తీరా వెళ్లి చూస్తే, మేం అద్దెకు దిగిన నిమ్‌పురాలో పొద్దున పాలవాడి కేక మొదలుకొని సాయంత్రం గుడి అరుగు మీది కబుర్ల దాకా అంతా తెలుగే. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే ఇక్కడ జంక్షనూ వర్క్‌షాపూ కట్టిన రోజుల నుంచి శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ వైపు కుటుంబాలు పని వెతుక్కుంటూ వచ్చి స్థిరపడ్డాయి. ఇప్పుడున్నది వాళ్ల మూడో తరం, నాలుగో తరం. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వాలని నిర్ణయించడానికి ముఖ్య కారణం ఈ ఊరి తెలుగువాళ్లే.

నిమ్‌పురా అంటే రైల్వే యార్డు. రాత్రంతా గూడ్సు పెట్టెలు ఒకదానికొకటి తగులుకునే చప్పుడు. ఆ యార్డు దాటి ఏడెనిమిది కిలోమీటర్లు వెళ్తే సాల అడవి ఉంటుందనీ, ఎర్రమట్టి దారుల పక్కన చెరువులుంటాయనీ మాకు చాలా రోజులు తెలియలేదు. తెలిసింది సైకిల్ వల్ల.

ఇరవై ఏళ్లు కుర్చీలో కూర్చున్న నడుము, కొత్తగా పలకరించిన షుగరు... మన బ్యాంకు కుటుంబాల్లో ఈ కథ కొత్తది కాదు. డాక్టరు రోజూ గంటసేపు నడవమన్నారు. నడక విసుగనిపించి, నాకూ తొమ్మిదో తరగతి చదువుతున్న మా అమ్మాయికీ రెండు గేరు సైకిళ్లు కొన్నాను. ఈ వ్యాసంలో మేం తిరిగిన దారులు చెబుతాను. వాటికన్నా ముందు ఒక లెక్క చెబుతాను. ఆ లెక్క తెలియక ఒకసారి నేను నా బిడ్డను ప్రమాదం అంచుకు తీసుకెళ్లాను. అందుకే ఇది రాస్తున్నాను.

ఆ రెండో శనివారం

డిసెంబరు నెల. బ్యాంకుకు సెలవు. త్వరగా భోంచేసి మధ్యాహ్నం పన్నెండింటికి ఇద్దరం బయలుదేరాం. మేదినీపూర్ దాటి గుర్‌గురిపాల్ అడవి దాకా పాతిక కిలోమీటర్లు. అక్కడి నుంచి ఎర్రమట్టి దారిలో ఇంకో మూడు కిలోమీటర్లు వెళ్తే ఒక చెరువు. రెండున్నర దాటాక అక్కడికి చేరాం. నీళ్ల మీద బాతులు, గట్టున ఎండుతున్న వలలు, అవతల సాల చెట్ల వరస. మా అమ్మాయికి కదలాలనిపించలేదు. నాకూ అనిపించలేదు. నాలుగింటికి లేచాం.

నా మనసులో ఉన్న లెక్క హైదరాబాదుది. డిసెంబరులో అక్కడ పొద్దు ఐదూ ముప్పావుకి అస్తమిస్తుంది. అప్పటికి అడవి దాటి ఊళ్లో ఉంటాం, ఆపైన వీధి దీపాలుంటాయి అనుకున్నాను. మెయిన్ రోడ్డుకు చేరేసరికి మా అమ్మాయి సైకిల్ వెనక టైరులో ముల్లు దిగింది. నా దగ్గర పంపు ఉంది, ప్యాచ్ లేదు. గాలి కొట్టడం, పావు కిలోమీటరు పోవడం, మళ్లీ కొట్టడం. ఐదు కాకముందే సూర్యుడు చెట్ల వెనక్కి జారాడు. ఐదుంబావుకి రోడ్డు కనిపించడం మానేసింది. ఫోనుకు సిగ్నలు లేదు. నా సైకిలుకు ముందు దీపం ఉంది, మా అమ్మాయి సైకిలుకు ఏ దీపమూ లేదు.

అప్పుడు వెనకనుంచి, క్యారియరు మీద పుల్లలమోపు కట్టుకొని ఒకాయన సైకిల్ మీద వచ్చాడు. మమ్మల్ని చూసి గబుక్కున దిగాడు. నా బెంగాలీ అంతంతమాత్రం. కానీ ఆయన అన్న ఒక్క మాట అర్థం కావడానికి ఏ భాషా అక్కర్లేదు. "హాతీ!"

ముందు వంపులో రోడ్డు దాటడానికి ఏనుగులు అడవి అంచున నిలబడి ఉన్నాయట. ఆయనే మమ్మల్ని వెనక్కి తిప్పి ఒక టీ కొట్టుకు తీసుకెళ్లాడు. అప్పటికే అక్కడ పదిమంది ఆగి ఉన్నారు. ఎవరూ గట్టిగా మాట్లాడటం లేదు. దూరంగా కొమ్మలు విరుగుతున్న చప్పుడు రెండుసార్లు వినిపించింది. మా అమ్మాయి నా చెయ్యి పట్టుకుంది. పిల్ల పెద్దదయ్యాక అలా పట్టుకోవడం అదే మొదలు. గంటన్నర తర్వాత దారి ఖాళీ అయిందన్నారు. కూరగాయల ఆటోవాలా ఒకతను రెండు సైకిళ్లూ మమ్మల్నీ ఎక్కించుకొని మేదినీపూర్‌లో దింపాడు.

ఇల్లు చేరేసరికి తొమ్మిది. గేటు దగ్గర మా ఆవిడ, పక్కన టార్చిలైటుతో మా ఇంటి యజమాని. ఆయన రిటైరైన గూడ్సు గార్డు, పెద్దల ఊరు శ్రీకాకుళం. నన్నేమీ తిట్టలేదు. "ఈడ పొద్దు బేగి గూకుతాది బాబూ. హైదరాబాదు పొద్దు కాదిది," అన్నారంతే.

గార్డు చెప్పిన పాఠం

మర్నాడు పొద్దున కాఫీ తాగుతూ ఆయనే మళ్లీ ఎత్తారు. "బండి కదిలేముందు డ్రైవరు ముందుకి సూస్తాడు. గార్డు ఎనక్కి సూస్తాడు. ఆఖరి పెట్టెకి దీపం ఉందా నేదా అని. నువ్వు నిన్న డ్రైవరువే అయ్యావు, గార్డువి అవలేదు." (2022 జనవరి నుంచి గార్డు ఉద్యోగం పేరును రైల్వే 'ట్రైన్ మేనేజర్' అని మార్చింది. ఆయన ముందు ఆ పేరు ఎత్తితే మాత్రం నవ్వేస్తారు.)

ఆ మాట నన్ను పట్టుకుంది. అప్పు దరఖాస్తు చూసేటప్పుడు మనం చేసేదీ అదే కదా. ఆ డబ్బుతో ఏం చేస్తారన్నది వింటాం. కానీ సంతకం పెట్టేది తిరిగి కట్టే శక్తి చూశాకే. రోజూ బ్యాంకులో చేసే పని రోడ్డు మీద మర్చిపోయాను.

పొద్దు సంగతి ముందు చూద్దాం. దేశమంతటికీ గడియారం ఒకటే, సూర్యుడు మాత్రం తూర్పున ముందు వస్తాడు, ముందే పోతాడు. ఒక్కో డిగ్రీ రేఖాంశానికి 4 నిమిషాల తేడా. హైదరాబాదు 78.5 డిగ్రీల దగ్గర ఉంది, ఖరగ్‌పూర్ 87.3 దగ్గర. అంటే దాదాపు 35 నిమిషాలు. పైగా ఖరగ్‌పూర్ ఉత్తరంగా ఉండటం వల్ల చలికాలంలో పగలు ఇంకొంచెం తక్కువ. రెండూ కలిపితే డిసెంబరు సాయంత్రం దాదాపు ముప్పావు గంట తేడా వస్తుంది. బదిలీపై తూర్పుకు వచ్చే ప్రతి కుటుంబం గుర్తుంచుకోవలసిన లెక్క ఇది.

ఇక ప్రయాణం లెక్క. దీన్ని చివరినుంచి మొదటికి వేయాలి.

1. పొద్దుగూకే వేళ: డిసెంబరులో సుమారు 5 గంటలు.
2. ఇంట్లో ఉండాల్సిన వేళ: దానికి ఒక గంట ముందు, అంటే 4.
3. తిరుగు ప్రయాణం: 25 కిలోమీటర్లు. వెళ్లేటప్పుడు గంటకు 12, 13 కిలోమీటర్లు తొక్కేవాళ్లు వచ్చేటప్పుడు 10 మించరు. కాబట్టి రెండున్నర గంటలు.
4. పంక్చరుకో, టీకో అరగంట.
5. అంటే వెనక్కి తిరగాల్సిన వేళ మధ్యాహ్నం 1 గంట. ఎక్కడున్నా సరే.
6. వెళ్లడానికి 2 గంటలు, అక్కడ కూర్చోవడానికి గంట. బయలుదేరాల్సింది ఆలస్యమైతే 10 గంటలకు, మంచిదైతే 7 గంటలకు.

నేను ఆరోజు బయలుదేరింది 12కి. కాగితం మీద ఒక్కసారి ఈ లెక్క వేసి ఉంటే ఇల్లే కదిలేవాణ్ణి కాదు.

నీళ్లకూ ఇదే పద్ధతి. తెచ్చుకున్న నీళ్లలో సగం అయిపోయాక వెనక్కి తిరిగితే చాలదు. మూడో వంతు అయిపోగానే ఆలోచన మొదలుపెట్టాలి. వచ్చేటప్పుడు ఎండ ఎక్కువ, ఓపిక తక్కువ.

ఎర్రనేల, సాల అడవి, తవ్వుకున్న చెరువులు

దారులు చెప్పేముందు నేల గురించి రెండు మాటలు. ఖరగ్‌పూర్ ఒక సరిహద్దు మీద ఉంది. తూర్పున గంగ తెచ్చిపోసిన ఒండ్రునేల, వరిచేలు, చదునైన రోడ్లు. పడమట ఛోటానాగ్‌పూర్ పీఠభూమి అంచు, ఎర్రని లేటరైట్ నేల, మెల్లగా పెరిగే ఎత్తు. లేటరైట్ అన్న పేరు లాటిన్‌లో ఇటుక అన్న మాటనుంచి వచ్చింది. 1807లో ఫ్రాన్సిస్ బుకానన్ కేరళలో ఈ రాయిని చూసి ఆ పేరు పెట్టాడు. తవ్వినప్పుడు మెత్తగా ఉండి, గాలి తగిలాక గట్టిపడుతుంది. ఈ నేల మీద వాన నీరు నిలవదు. అందుకే ఇక్కడి ఊళ్లవాళ్లు పల్లానికి అడ్డంగా గట్లు వేసి చెరువులు చేసుకున్నారు. వాటిని 'బాంధ్' అంటారు. మన కట్టుచెరువులకు చుట్టాలన్నమాట.

అడవిలో సాల చెట్లన్నీ సన్నగా, ఒకే ఈడు పిల్లల్లా కనిపిస్తాయి. కారణం, ఇవి చాలావరకు నరికిన మోళ్లనుంచి మళ్లీ చిగిర్చినవి. మేదినీపూర్‌కు ఉత్తరాన అరాబారీ అనే చోట 1970ల తొలినాళ్లలో అజిత్ కుమార్ బెనర్జీ అనే అటవీ అధికారి ఒక ప్రయోగం చేశారు. అడవిని కాపాడితే పుల్లలు, ఆకులు ఊరివాళ్లవే, కలప అమ్మితే వచ్చిన లాభంలో 25 శాతం కూడా వాళ్లదే అన్నారు. 11 గ్రామాలు, 618 కుటుంబాలు ఒప్పుకున్నాయి. మోళ్లు మళ్లీ అడవి అయ్యాయి. 1990లో కేంద్ర ప్రభుత్వం ఈ పద్ధతిని దేశమంతటికీ సిఫారసు చేసింది. మన రాష్ట్రంలో 1992లో మొదలైన వన సంరక్షణ సమితులు కూడా ఈ కోవలోవే. దారి పక్కన ఆడవాళ్లు సాల ఆకులు ఏరి విస్తళ్లు కుట్టడం చూసినప్పుడు నాకు ఆ పాతిక శాతం గుర్తొస్తుంది.

మూడు దారులు

మొదటి దారి: హిజ్లీ, సలువా, గోపాలీ (రానూపోనూ దాదాపు 25 కిలోమీటర్లు). ఇది కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి, పన్నెండేళ్లు దాటిన పిల్లలకి. నిమ్‌పురా నుంచి పట్నం దాటి, పురీ గేటు మీదుగా ఐఐటీ వైపు వెళ్లాలి. 1951లో దేశంలో మొదటి ఐఐటీ మొదలైంది హిజ్లీ నిర్బంధ శిబిరం కట్టడంలోనే. 1931 సెప్టెంబరు 16న ఆ శిబిరంలో నిరాయుధ ఖైదీల మీద కాల్పులు జరిపి సంతోష్ కుమార్ మిత్రా, తారకేశ్వర్ సేన్‌గుప్తా అనే ఇద్దరిని చంపారు. ఇప్పుడక్కడ విజ్ఞాన మ్యూజియం ఉంది. లోపలికి వెళ్లే వేళలు ముందు కనుక్కోండి. అది దాటాక సలువా. ఈస్టర్న్ ఫ్రాంటియర్ రైఫిల్స్ స్థావరం కావడంతో నేపాలీ మాట్లాడే కుటుంబాలు చాలా ఉంటాయి. తర్వాత గోపాలీ వైపు సాల చెట్లు, చిన్న చెరువులు. పొద్దున 6కి బయలుదేరితే టిఫిను వేళకు ఇంట్లో ఉంటారు.

రెండో దారి: మేదినీపూర్, గోపగఢ్, గుర్‌గురిపాల్ (దాదాపు 50 కిలోమీటర్లు). చౌరంగీ కూడలిలో రెండు జాతీయ రహదారుల లారీలు కలుస్తాయి. అక్కడ మాత్రం సైకిల్ దిగి నడిపించుకుంటూ దాటండి. తర్వాత కంసావతి నది. ఇక్కడివాళ్లు ముద్దుగా కాసాయి అంటారు. వంతెన దగ్గరున్న పాత ఆనకట్టను 'అనికట్' అంటారు. దక్షిణాది మాట ఇంజనీర్లతోపాటు ఇంతదూరం వచ్చిందని మా అమ్మాయికి చెబితే ఎంత సంతోషించిందో. ఊరు దాటాక గోపగఢ్ తోట ఎత్తు మీదనుంచి నది వంపు చూడొచ్చు. అక్కడినుంచి అడవి మొదలు.

మూడో దారి: ధేరువా మీదుగా ఝాడ్‌గ్రామ్ (ఒకవైపు దాదాపు 55 కిలోమీటర్లు). ఆరు నెలలు అలవాటైనవాళ్లకే. గుర్‌గురిపాల్ దాటి, ధేరువా దగ్గర మళ్లీ కంసావతిని దాటి, అడవుల మధ్యనుంచి ఝాడ్‌గ్రామ్ చేరుతుంది. తిరుగు దారి లెక్క ఇక్కడ రైలుతో వేయాలి. ఝాడ్‌గ్రామ్ నుంచి బాన్స్‌తలా, సర్‌డిహా, ఖేమాసులి, కలైకుండ మీదుగా వచ్చే లైనులోనే మా నిమ్‌పురా స్టేషను కూడా ఉంది. సైకిలును లగేజీగా బుక్ చేయడం గురించి ఒక రోజు ముందు పార్సిల్ ఆఫీసులో అడిగి పెట్టుకోండి. రాత్రి అక్కడే బస చేస్తే మర్నాడు చిల్కిగఢ్ చూడొచ్చు. డులుంగ్ ఏటి ఒడ్డున, ఔషధ వృక్షాల అడవిలో కనకదుర్గ గుడి ఉంది. బెజవాడ అమ్మవారి పేరే. మా ఆవిడ రైల్లో వచ్చి అక్కడ కలిసింది.

ఇంకా శక్తి ఉన్నవాళ్లకు దక్షిణాన కేశియాడీ దారి ఉంది. కురుంబేరా కోటలో లేటరైట్ రాళ్ల వరండా చూడదగ్గది. కొండవీడు, రాజమహేంద్రవరాల దాకా ఏలిన గజపతుల తొలి రాజు కపిలేంద్రుడి కాలం నాటిదంటారు. ఇంకొంచెం ముందుకెళ్తే భస్‌రాఘాట్ దగ్గర సువర్ణరేఖ.

ఎండ, ఉరుము, ఏనుగు

ఈ ప్రాంతంలో సైకిల్ కాలం నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా. మార్చిలో సాల చెట్లు పూస్తాయి, ఇప్పపూలు రాలతాయి. అప్పటికే ఎండ ముదురుతుంది కాబట్టి తెల్లవారుజామునే వెళ్లి తొమ్మిదికల్లా వచ్చేయాలి. ఏప్రిల్, మే నెలల్లో దూరాలు వద్దు. 2024 ఏప్రిల్ 30న మా పక్క స్టేషను కలైకుండలో 47.2 డిగ్రీలు నమోదైంది. అదే నెలల్లో సాయంత్రాలు కాలబైశాఖి గాలివానలు పిడుగులతో వస్తాయి. మబ్బు పట్టగానే చెట్టు కింద కాదు, పక్కా కట్టడంలో ఆగాలి.

ఏనుగుల సంగతి. 1980ల చివరినుంచి ఝార్ఖండ్‌లోని దల్మా కొండల ఏనుగుల గుంపులు ఏటా ఇటు వస్తున్నాయి. వరి పండే కాలమూ మన సైకిల్ కాలమూ ఒకటే. వాటి వల్ల పంటలూ ప్రాణాలూ పోగొట్టుకున్న ఊళ్లు ఇవి. అక్కడివాళ్లకు ఏనుగు వేడుక కాదు. కాబట్టి కొన్ని నియమాలు పెట్టుకున్నాం. అడవి మొదలయ్యేచోట టీ కొట్టులో ఆగి "ఈరోజు ఏనుగులున్నాయా?" అని అడుగుతాం. ఉన్నాయంటే ఆ టీ తాగి వెనక్కి వస్తాం. సూర్యోదయం తర్వాతే అడవిలోకి, పొద్దు వాలకముందే బయటికి. కనిపిస్తే ఫొటో తీయం, బెల్లు కొట్టం, చప్పుడు లేకుండా వెనక్కి తిరుగుతాం. ఏనుగు గంటకు 25 కిలోమీటర్ల వేగం అందుకోగలదు. ఎర్రమట్టి దారిలో మనం అంత వేగం తొక్కలేం.

సంచిలో ఏముండాలి

హెల్మెట్ అందరికీ. ముందు తెల్ల దీపం, వెనక ఎర్ర దీపం ప్రతి సైకిలుకీ, పగటి ప్రయాణమైనా సరే. ఒక అదనపు ట్యూబు, ప్యాచ్‌లు, టైరు విప్పే మీటలు, పంపు. పంక్చరు వేయడం ఇంటి వాకిట్లో రెండుసార్లు సాధన చేయండి. మా అమ్మాయి ఇప్పుడు పన్నెండు నిమిషాల్లో వేస్తుంది, నాకు పాతిక పడుతుంది. గంటకు అర లీటరు నుంచి ముప్పావు లీటరు నీళ్లు. షుగరున్నవాళ్లు బెల్లం ముక్కో, గ్లూకోజు పొట్లమో తప్పకుండా దగ్గర పెట్టుకోవాలి, డాక్టరును అడిగే దూరాలు పెంచాలి. తిండికి దిగులు లేదు. ఏ కొట్టులోనైనా మరమరాలు, బఠాణీ ఘుగ్నీ దొరుకుతాయి. చివరగా, ఏ దారిన వెళ్తున్నారో, ఎన్నింటికి వెనక్కి తిరుగుతారో కాగితం మీద రాసి ఇంట్లో ఇచ్చి వెళ్లండి. మా కాగితం ఫ్రిజ్ తలుపుకు అంటించి ఉంటుంది. దాని నకలు మా ఇంటి యజమాని జేబులో ఉంటుంది.

మళ్లీ అదే దారి

ఆ డిసెంబరు తర్వాత మా అమ్మాయి నెలరోజులు సైకిల్ ముట్టలేదు. నేనూ బలవంతం చేయలేదు. భయపెట్టింది ఏనుగు కాదు, నాన్నకు అన్నీ తెలుసన్న నమ్మకం కాస్త సడలింది. దాన్ని మాటలతో తిరిగి సంపాదించలేమని నాకు తెలుసు. కాగితం, పెన్సిలు ఇచ్చి లెక్క తననే వేయమన్నాను.

జనవరి చివర ఒక ఆదివారం, తను వేసిన లెక్క ప్రకారం ఏడింటికి బయలుదేరాం. గోపగఢ్‌లో ఎక్కువసేపు కూర్చున్నాం, ముందు టైరుకు ఒకసారి పంక్చరు అయింది. గుర్‌గురిపాల్ టీ కొట్టు చేరేసరికి పన్నెండున్నర. ఆరోజు మమ్మల్ని కాపాడినాయన అక్కడ లేడు. కొట్టు ఆయన మాత్రం గుర్తుపట్టి టీ డబ్బులు తీసుకోలేదు. ఆ చెరువు ఇంకా మూడు కిలోమీటర్లు. ఎండ హాయిగా ఉంది, కాళ్లలో ఓపిక ఉంది, ఏనుగులు అవతలి కొండవైపు వెళ్లాయన్నారు. నాకు మనసు లాగింది.

"వెళ్లి ఓ పది నిమిషాలు చూసొద్దామా?" అన్నాను.

మా అమ్మాయి గడియారం చూసింది. "తిరిగే టైము ఒంటిగంట నాన్నా. చెరువు ఎక్కడికీ పోదు," అంటూ సైకిలును ఇంటివైపు తిప్పింది.

నేను వెనకే బయలుదేరాను. తన సైకిల్ వెనక ఎర్ర దీపం, ఆ పట్టపగలు కూడా, వెలుగుతూనే ఉంది.